నల్లజాతి రచయితల నవలలు మిత్రులతో కలిసి చదవాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆరుగురు మిత్రులు, నలుగురు హైదరాబాదులో, ఇద్దరు డాలస్‌లో. నెలకోసారి వీడియోలో కలిసి నల్లజాతి రచయితల నవలలు చర్చించాలనుకున్నారు. టోనీ మారిసన్ 'బిలవ్డ్'తో మొదలుపెట్టారు. ముగ్గురు సగంలోనే ఆపేశారు. పూర్తిచేసినవాళ్ల మాటలు 'ఎంత ఘోరం' దగ్గర ఆగాయి. అక్కడి నుంచి చర్చ కులం మీదికి మళ్లి, రిజర్వేషన్ల తగవుగా తేలింది. ఇప్పుడు ఏ పుస్తకం పట్టుకోవాలి, మాటలు ఎలా నడపాలి, తెలుగు అనువాదాలు సరిపోతాయా, డాలస్ మిత్రుడి ఆఫీసులోని నల్లజాతి సహోద్యోగిని పిలిచి వివరించమనవచ్చా అని అడుగుతున్నారు.

నేను సిన్సినాటిలో ఉంటాను. ఇక్కడి గ్రంథాలయంలో గది తీసుకుని ఇలాంటి బృందాన్ని చాలా ఏళ్లుగా నడుపుతున్నాం. సభ్యుల్లో తెలుగువాళ్లు కొందరు, ఈ ఊరి నల్లజాతి కుటుంబాలవాళ్లు కొందరు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడినవాళ్లు కొందరు. నాకు తోచింది ఏమిటంటే, మీ ఇబ్బందికి పుస్తకం ఎంపిక కొంతవరకే కారణం. ఆ నవలల నుంచి మీరు ఏం ఆశిస్తున్నారన్న దగ్గర అసలు చిక్కు ఉంది. 'నల్లవాళ్ల కష్టాలు తెలుసుకుందాం' అని కూర్చుంటే, తెలిశాక మాట్లాడటానికి ఏమీ మిగలదు. అయ్యో పాపం అనుకుని లేచిపోవడమే.

నైజీరియా రచయిత చినువా అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' (1958) చివరి పేజీ చూడండి. ఒకాంక్వో అనే మనిషి పొగరూ భయమూ ప్రేమా పతనమూ నవల పొడుగునా మన కళ్ల ముందే జరిగాయి. ఆఖర్న బ్రిటిష్ జిల్లా కమిషనర్ వచ్చి, తాను రాయబోయే గ్రంథంలో ఇతనికి ఓ అధ్యాయం కేటాయించవచ్చా అని ఆలోచించి, అంత అక్కర్లేదు, ఓ పేరా చాలు అనుకుంటాడు. ఆ గ్రంథానికి పేరు కూడా సిద్ధం చేసుకున్నాడు: దిగువ నైజర్ ప్రాంతపు ఆటవిక తెగలను దారికి తేవడం గురించి. సమాచారం కోసమే నవల చదివే మనిషి, ఎంత మంచివాడైనా, ఆ కమిషనర్ బల్ల పక్కన కుర్చీ వేసుకున్నట్టే. మీ బృందానికి ఒక్క నియమమే పెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: ఈ పుస్తకం నల్లవాళ్ల గురించి ఏం చెబుతోంది అని అడగకూడదు. ఈ మనిషి ఈ పని ఎందుకు చేసింది, రచయిత ఆ సంగతి మనకు ఇప్పుడే ఎందుకు చెప్పింది అని అడగాలి. మన తెలుగు నవలల గురించి మాట్లాడుకునేటప్పుడు సహజంగానే అలా అడుగుతాం కదా.

'బిలవ్డ్' చెడ్డ ఎంపిక కాదు, మొదటి మెట్టుగా మాత్రం చాలా ఎత్తు. ఆ కథకు మూలం మా ఊళ్లోనే ఉంది. 1856 జనవరిలో ఒహైయో నది గడ్డకట్టి ఉన్నప్పుడు, మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కుటుంబంతో సహా కెంటకీ నుంచి మంచు మీదుగా నడిచి సిన్సినాటి చేరింది. అవతలి ఒడ్డున బానిసత్వం ఉంది, ఇవతలి ఒడ్డున లేదు. కానీ పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలని 1850 నాటి చట్టం. పట్టుకునేవాళ్లు ఇంటిని చుట్టుముట్టగానే, పిల్లలను మళ్లీ ఆ బతుకులోకి పంపనని, రెండేళ్ల కూతురిని తన చేతులతోనే చంపేసింది. ఆ తర్వాత కోర్టులో నలిగిన ప్రశ్న తల తిరిగేలా ఉంటుంది. ఆమె మీద హత్యానేరం మోపాలా, లేక ఆస్తిగా యజమానికి తిరిగి ఇవ్వాలా? హత్యానేరం మోపితే ఆమె మనిషి అని, చచ్చిపోయిన బిడ్డ కూడా మనిషేనని ఒప్పుకున్నట్టవుతుంది. చివరికి యజమానికే అప్పగించారు.

మారిసన్ రాండమ్ హౌస్‌లో ఎడిటర్‌గా ఉండగా, 1974లో వచ్చిన ఓ సంకలనం పనిలో ఈ వార్త ఉన్న పాత పత్రిక ముక్క ఆమె కంటపడింది. 1987లో నవల వచ్చింది, మరుసటి ఏడాది పులిట్జర్, 1993లో నోబెల్. ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. మీ ముగ్గురు మిత్రులకు చెప్పాల్సిన విషయం వేరే ఉంది. ఆ ఇల్లు ఏమిటో, దాని నంబరుగా చెప్పిన అంకె ఏమిటో, ఎవరు బతికున్నారో ఎవరు దయ్యమో తెలియకుండా నవల మొదలవడం పొరపాటున జరిగింది కాదు. బానిసలను ఉన్నపళంగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాక్కుపోయినట్టే పాఠకుడినీ ఏ సన్నాహమూ లేకుండా లాగి పడేయాలనుకున్నానని మారిసన్ ఒక వ్యాసంలో స్వయంగా చెప్పింది. కాబట్టి యాభయ్యో పేజీలో దారి తప్పినవాళ్లు చదవడం చేతకానివాళ్లేమీ కాదు. ఆమె తోసిన చోటే పడ్డారు. టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ తన కార్యక్రమంలో, చాలామంది మీ వాక్యాలను మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తోందంటున్నారు అని అడిగితే, దాన్నే చదవడం అంటారమ్మా అన్న అర్థంలో జవాబిచ్చింది. ఆమె మాటకారితనం నాకెంతో ఇష్టం. అయినా కొత్త బృందాన్ని ఆ జవాబుతో నడిపించలేం.

అందుకని 'సూలా'తో మొదలుపెట్టండి. మారిసన్‌దే, 1973 నాటిది, రెండు వందల పేజీలు కూడా ఉండదు. ఇందులో ప్రధాన కథ ఇద్దరు ఆడపిల్లల స్నేహం, కాబట్టి మిత్రబృందానికి ఇంతకంటే సూటైన పుస్తకం నాకు తెలియదు. ఒహైయోలో మెడాలియన్ అనే కల్పిత పట్టణం. కొండ మీద నల్లవాళ్ల పేట. దాని పేరు 'బాటమ్', అంటే పల్లపు నేల. ఒక తెల్లరైతు తన బానిసకు పని పూర్తిచేస్తే స్వేచ్ఛతో పాటు పల్లంలో సారవంతమైన భూమి ఇస్తానని మాటిచ్చి, తీరా పూర్తయ్యాక కొండ మీది రాళ్ల నేల అంటగట్టి, దేవుడు పైనుంచి చూస్తే అదే పల్లం అన్నాడట. ఆ వెటకారపు కథ మొదటి పేజీల్లోనే వస్తుంది. ఆ తర్వాత తెల్లవాళ్లు నవల్లో దాదాపు కనిపించరు. మీ బృందంలో ఇది చాలా పని చేస్తుంది. దౌర్జన్యం చేసేవాడు ఎదురుగా లేకపోతే, ఈ మనుషుల్ని బాధితులుగా మాత్రమే చూడటం కుదరదు. వాళ్లలో వాళ్లు ఎలా ప్రేమించుకున్నారు, ఎలా మోసం చేసుకున్నారు అన్నది చూడక తప్పదు.

నెల్, సూలా చిన్ననాటి నేస్తాలు. నది ఒడ్డున ఆడుకుంటూ సూలా ఒక పసివాణ్ణి చేతులు పట్టుకుని గిరగిరా తిప్పుతుంది. పట్టు జారుతుంది. వాడు నీళ్లలో పడి మునిగిపోతాడు. ఇద్దరూ ఎవరికీ చెప్పరు. పాఠకులందరూ దాన్ని సూలా చేసిన పనిగానే గుర్తుపెట్టుకుంటారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక ముసలావిడ నెల్‌ను పట్టుకుని, ఆ పిల్లవాడిని ఎలా చంపావు అని అడుగుతుంది. నేను కాదు, సూలా అంటే, నువ్వైతే ఏమిటి, ఆవిడైతే ఏమిటి, నువ్వూ అక్కడ నిలబడి చూశావు కదా అంటుంది. మా బృందంలో ఈ ఒక్క సన్నివేశం మీదే ఓ సాయంత్రమంతా గడిచింది. చూస్తూ నిలబడటం నేరమా? చూసినప్పుడు నెల్‌కు లోపల కలిగింది భయమా, ఇంకేదైనానా? పుస్తకంలో దానికి ఆధారం ఉంది, వెతకండి. ఎక్కడుందో నేను చెప్పను.

ఇంకో ప్రశ్న. పెద్దయ్యాక సూలా ఊరికి తిరిగొచ్చి అందరి దృష్టిలో చెడ్డదవుతుంది. నెల్ మొగుడితో కూడా పడుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, ఆమెను అసహ్యించుకోవడం మొదలయ్యాక ఊరు బాగుపడుతుంది. తల్లులు పిల్లల్ని దగ్గరకు తీసుకుంటారు, పెళ్లాలు మొగుళ్లను ఆదరిస్తారు. సూలా చనిపోగానే మళ్లీ పాత తీరే. ఒక ఊరికి ఒక చెడ్డ మనిషి ఎందుకు కావాలి? ఇందులో జాతి ప్రస్తావన ఒక్క ముక్క లేదు. ఈ ప్రశ్న వేసి చూడండి, ఎప్పుడూ నోరు విప్పని సభ్యులు కూడా మాట్లాడతారు. చావుమంచం మీద సూలా నెల్‌ను అడుగుతుంది, నువ్వే మంచిదానివని నీకెలా తెలుసు అని. మీలో చాలామంది అప్పటిదాకా నెల్ పక్షాన ఉంటారు. ఆ మాట తర్వాత ఎవరు ఎటు మారారో అడగండి.

రెండో పుస్తకంగా జోరా నీల్ హర్స్టన్ 1937 నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'. జేనీ అనే స్త్రీ ముగ్గురు మొగుళ్లనూ ఒక తుపాన్నూ దాటి సొంతూరు వస్తుంది. వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్లు చెవులు కొరుక్కుంటుంటే, ఆమె తన కథను ఇంటి వెనక అరుగు మీద ఒక్క స్నేహితురాలికే చెబుతుంది. ఆ స్నేహితురాలు ఫీబీ. ఊళ్లోవాళ్లకు నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు, నా నాలుక నా నేస్తం నోట్లోనే ఉంది అంటుంది జేనీ. నవలంతా ఆ నమ్మకం మీద నిలబడింది. ఒక మిత్రురాలు వినడం వల్లనే కథ పుట్టింది.

ఈ పుస్తకాన్ని ఒంటరిగా చదవకండి, దాని మీద జరిగిన పోట్లాటతో కలిపి చదవండి. రిచర్డ్ రైట్ అదే ఏడాది 'న్యూ మాసెస్' పత్రికలో దీన్ని చీల్చి చెండాడాడు. వస్తువు లేదు, సందేశం లేదు, తెల్లవాళ్ల వినోదం కోసం రాసింది అన్నాడు. మరుసటి ఏడాది రైట్ కథల పుస్తకాన్ని సమీక్షిస్తూ హర్స్టన్ బాకీ తీర్చుకుంది, ఇది ద్వేషాల పుస్తకం అని. 1940లో రైట్ 'నేటివ్ సన్' వచ్చి విపరీతంగా అమ్ముడైంది. షికాగోలో బిగ్గర్ థామస్ అనే కుర్రవాడు తాను పనిచేసే ఇంటి తెల్ల అమ్మాయిని చంపే కథ అది. 1949లో జేమ్స్ బాల్డ్విన్, తనకు ఎంతో సాయం చేసిన ఆ రైట్ నవలనే తప్పుపడుతూ వ్యాసం రాశాడు. కోపంతో నిరసన కోసం రాసిన నవల మనిషిని మనిషిగా ఉంచకుండా ఒక నమూనాగా మార్చేస్తుందన్నది అతని అభ్యంతరం. రైట్ బాధపడ్డాడు, స్నేహం చెడింది. నల్లజాతి సాహిత్యం అంటే ఒకే గొంతు అనుకునేవాళ్లకు ఈ ముగ్గురిని చూపించాలి. సాహిత్యం ఉద్యమానికి పనిముట్టా, కాదా అని మన దగ్గర అరసం (అభ్యుదయ రచయితల సంఘం), విరసం (విప్లవ రచయితల సంఘం), దళిత సాహిత్యం చుట్టూ నడిచిన వాదాలు మీకు తెలిసినవే కాబట్టి ఈ తగవు మీకు కొత్తగా ఏమీ అనిపించదు. 'నేటివ్ సన్' చదివే నెలలో బృందాన్ని రెండుగా చీల్చండి, సగం మంది రైట్ తరఫున, సగం మంది హర్స్టన్ తరఫున. నా ఓటు హర్స్టన్‌కే. కానీ బిగ్గర్ పారిపోయే పేజీల్లో నాకు ఊపిరాడలేదన్నది కూడా నిజం.

హర్స్టన్ 1960లో పేదరికంలో చనిపోయింది, సమాధి మీద పేరు కూడా లేదు. 1973లో నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ ఫ్లోరిడా వెళ్లి, కలుపు మొక్కల మధ్య ఆ చోటు వెతికి, శిలాఫలకం పెట్టించింది. ఆ ప్రయాణం గురించి రాసిన వ్యాసంతో హర్స్టన్‌ను జనం మళ్లీ చదవడం మొదలుపెట్టారు.

ఇక కులం సంగతి. మీ తగవు గురించి చదివి నేనేమీ ఆశ్చర్యపోలేదు. తెలుగువాళ్లు ఉన్న ప్రతి బృందంలో పదిహేను నిమిషాల్లో ఎవరో ఒకరు 'మన దగ్గరా ఇంతే' అంటారు. ఆ మాట అబద్ధం కాదు. దాని వెనక చరిత్ర ఉంది కూడా. జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి'ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞాపన ప్రతి కావాలని అడిగాడు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ పుట్టింది అమెరికాలోని నల్లజాతి సంస్థ బ్లాక్ పాంథర్స్ పేరు తీసుకునే. ఆ డుబాయిస్ 1928లో రాసిన 'డార్క్ ప్రిన్సెస్' నవల్లో నాయిక ఒక భారతీయ సంస్థానపు రాకుమారి, పేరు కౌటిల్య! నవలగా అది తడబడుతుంది, ఉపన్యాసాలు ఎక్కువ. సరదాకైనా ఎప్పుడో ఒకసారి చూడండి.

మరి అభ్యంతరం ఏమిటంటే, 'మన దగ్గరా ఇంతే' అన్న మరుక్షణం పుస్తకం మూసుకుపోతుంది. 'బిలవ్డ్' నాయిక సెథె అన్న మనిషి ఉండదు, మనకు ముందే ఉన్న అభిప్రాయాలు ఉంటాయి. అందుకే మొదటి గంట పోలికలు వద్దని మా దగ్గర నియమం. గంట తర్వాత పోల్చండి, కానీ పాత్ర పేరు, సన్నివేశం చెప్పి పోల్చండి.

పోల్చేటప్పుడు ఎవరి కుర్చీలో కూర్చుంటున్నారో కూడా చూసుకోండి. మనలో చాలామంది, ఏ కులంలో పుట్టినా, నవల తెరవగానే సెథె పక్కన చేరిపోతాం. 'బిలవ్డ్'లో మిస్టర్ గార్నర్ ఉన్నాడు. తన బానిసలను కొట్టడు, వాళ్లను పిల్లలనకుండా మగవాళ్లు అని పిలుస్తాడు, చేతికి తుపాకీ ఇస్తాడు, అలాంటి యజమానినని గర్వపడతాడు. అతను చనిపోయిన తర్వాత ఆ మర్యాదంతా ఏమైందో పుస్తకంలో చూశారు. యజమాని దయ మీద ఆధారపడిన గౌరవం గౌరవమేనా అని ఆ బానిసల్లో ఒకడైన పాల్ డి కుమిలిపోతాడు. ఇంట్లో పనిచేసేవాళ్లను మేం మనవాళ్లలాగే చూసుకుంటాం అనే మాట విన్న, అన్న మనందరికీ ఆ గార్నర్ తగలాలి. పోలిక అంటే నాకు తెలిసి ఇదీ.

డాలస్ మిత్రులకు ఇంకో రెండు విషయాలు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడు అమెరికా పౌరసత్వం కోసం సుప్రీంకోర్టులో, తాను అగ్రకులపు ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అని వాదించి ఓడిపోయాడు. నలభై రెండేళ్ల తర్వాత, 1965లో, ఆసియావాళ్లకు తలుపులు తెరిచిన వలస చట్టం వచ్చింది. దానికి వాతావరణం తయారుచేసింది నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమం. మనం ఈ దేశంలో ఉండటం ఆ ఉద్యమానికి ఎంత రుణపడి ఉందో తెలిశాక, ఈ నవలల్లో తెల్లవాళ్ల పాత్రలను చూసే కన్ను కొంచెం మారుతుంది.

నిజంగా కులం గురించే మాట్లాడాలనుకుంటే అచెబె నవలే దానికి సరైన చోటు. అందులోని ఇబో సమాజంలో 'ఒసు' అనేవాళ్లు ఉన్నారు. దేవతకు అంకితమైనవాళ్లు, అందువల్ల వెలి. స్వేచ్ఛాపరులతో పెళ్లి లేదు, జుట్టు కత్తిరించుకోకూడదు, చచ్చిపోతే విడిగా పాతిపెట్టాలి. క్రైస్తవ మిషన్ వచ్చినప్పుడు ఒసులు చర్చికి వస్తారు. అప్పటికే మతం మారినవాళ్లే వీళ్లను ఎలా రానిస్తారని గొడవ చేస్తారు. చర్చి చూసుకునే కియాగా ఆ గొడవకు ఒప్పుకోడు, ఒసులను జుట్టు తీయించుకోండి అంటాడు. 1878లో ఒంగోలు దగ్గర ఒకే రోజు రెండు వేల మందికి పైగా, ఎక్కువగా దళితులు, బాప్తిస్మం తీసుకున్న చరిత్ర తెలిసిన తెలుగు పాఠకుడికి ఆ అధ్యాయం గురించి ఎవరూ వివరించక్కర్లేదు. తెల్లవాడు వచ్చి చెడగొట్టిన ఊరు అని బాధపడే ముందు, ఆ ఊరు ఒసులకు, కవల పిల్లలను అడవిలో పారేయాల్సి వచ్చిన తల్లులకు ఎలా ఉండేదని కూడా అచెబె అడిగిస్తాడు. ఇక్కడ మీరు రెండు గంటలు తగవులాడుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఆ తగవు పుస్తకంలోంచి పుట్టిందే కాబట్టి.

అనువాదాల గురించి. అలెక్స్ హేలీ 'రూట్స్' (1976) సహవాసి చేతిలో 'ఏడు తరాలు'గా తెలుగులో చాలా ఇళ్లకు చేరింది. మీ ఆరుగురిలోనూ కుంటా కింటే పేరు ముందే విన్నవాళ్లు ఉండే ఉంటారు. బాగా కుదించిన అనువాదం అది, గొప్పగా చదివిస్తుంది. ఇంగ్లీషు చదివేవాళ్లు పెద్ద పుస్తకం, మిగతావాళ్లు తెలుగు చదివి వచ్చి, ఏం తగ్గింది, తగ్గడం వల్ల కథ బిగువెక్కిందా అని మాట్లాడుకోవచ్చు. ఒక జాగ్రత్త. హేలీ దీన్ని తన సొంత వంశచరిత్రగా చెప్పుకున్నాడు. తర్వాత వంశవృక్ష పరిశోధకులు అందులో చాలా భాగం నిలబడదన్నారు. హెరాల్డ్ కోర్లాండర్ అనే రచయిత తన నవల నుంచి తీసుకున్నాడని దావా వేస్తే, 1978లో హేలీ డబ్బు చెల్లించి రాజీపడ్డాడు. ఇది తెలిశాక పుస్తకం విలువ తగ్గుతుందా? పూర్వీకుల పేర్లు కూడా మిగలని జాతికి ఒక కల్పిత తాత అవసరం ఏమిటి? మంచి చర్చ నడుస్తుంది.

గూగీ వా థియాంగో నవలను కూడా తెలుగులోనే చదవండి. కెన్యాలో జైల్లో పెట్టినప్పుడు టాయిలెట్ కాగితం మీద, ఇంగ్లీషు వదిలేసి తన తల్లిభాష గికుయులో రాసిన నవల అది. దాన్ని వరవరరావు తాను జైల్లో ఉండగా 'మట్టికాళ్ల మహారాక్షసి'గా అనువదించారు. అందులో దొంగలకు పోటీ పెడతారు, ఎవరు జనాన్ని బాగా దోచుకున్నారో ఒక్కొక్కరు వేదికెక్కి గొప్పలు చెప్పుకోవాలి. పాట కలిసిన కథ చెప్పే తీరు మన చెవికి వెంటనే పడుతుంది. గొంతెత్తి చదువుకోండి.

ఇంగ్లీషులో చదివేటప్పుడు సంభాషణల్లోని నల్లజాతి ఇంగ్లీషు మీకు అడ్డుపడుతుంది. అది వంకర ఇంగ్లీషు కాదు, తనదైన వ్యాకరణం ఉన్న భాష. చదివితే కష్టం, వింటే తేలిక. హర్స్టన్ నవలకు నటి రూబీ డీ చదివిన ఆడియో ఉంది. మారిసన్ తన నవలలను తానే చదివింది. మొదటి అధ్యాయం ఆడియో వింటూ పుస్తకం చూసుకుంటే, రెండో అధ్యాయానికి కన్ను అలవాటుపడుతుంది.

సహోద్యోగి విషయం. వివరించడానికి పిలవకండి. ఒక తెలుగు మనిషిని ఆఫీసులో ఎవరో పిలిచి మీ దేశంలో కులం గురించి మాకు చెప్పండి అంటే ఎలా ఉంటుందో మీ డాలస్ మిత్రుడికి అనుభవమే అయ్యుంటుంది. పుస్తకాలు చదివే మనిషైతే సభ్యుడిగా పిలవండి, మీ అందరిలాగే పొరపాటు అభిప్రాయాలు చెప్పే హక్కుతో. అతను మారిసన్ నచ్చదు అనవచ్చు, అసలు నవలలే చదవననవచ్చు. బాల్డ్విన్ 'జియోవానీస్ రూమ్' (1956) రాసినప్పుడు, పారిస్‌లో ఇద్దరు తెల్ల మగవాళ్ల ప్రేమకథ ఎందుకని అతని ప్రచురణకర్త క్నాఫ్ సంస్థ వెనక్కి పంపింది. నల్ల రచయిత నల్లవాళ్ల గురించే రాయాలని ఆశించడం, నల్ల పాఠకుడు నల్లవాళ్ల తరఫున మాట్లాడాలని ఆశించడం, రెండూ ఒకటే. ఆ నవల కూడా జాబితాలో పెట్టుకోండి.

చర్చ నడిపే పద్ధతుల్లో నేను మీకు గట్టిగా చెప్పేది ఒకటుంది. అది మా సొంతం కాదు. 1831లో ఫిలడెల్ఫియాలో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతి స్త్రీలు ఒక సాహిత్య సంఘం పెట్టుకున్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకు అక్షరాలు నేర్పడం నేరంగా మారుతున్న రోజులవి. సభ్యులు తమ రచనలను పేరు లేకుండా ఒక పెట్టెలో వేసేవారు. తర్వాత వాటిని తీసి చదివి చర్చించేవారు. మేం దాన్నే వాడుతున్నాం. సమావేశానికి ముందు ప్రతి ఒక్కరూ పుస్తకం మీద ఓ పేరా రాసి, పేరు లేకుండా ఒకరికి పంపుతారు. ఆ మనిషి కలగలిపి చదువుతారు. ఎవరు రాశారో తెలియదు కాబట్టి, ఎదుటివాడి కులం, ఉద్యోగం, పాత తగవులు చూసి జవాబివ్వడం కుదరదు. మీ రిజర్వేషన్ల గొడవ తర్వాత మీకు ఇది చాలా అవసరం.

చిన్న విషయాలు కొన్ని. నల్లవాళ్లను తిట్టే ఆ పాత మాట పుస్తకాల్లో పదేపదే వస్తుంది. చదివి వినిపించేటప్పుడు నోటితో అనకుండా దాటేయాలని ముందే అనుకోండి, ప్రతిసారీ చర్చించకండి. మారిసన్ మొదటి నవల 'ద బ్లూయెస్ట్ ఐ', వాకర్ 'ద కలర్ పర్పుల్' చదివే నెలలో, పిల్లల మీద లైంగిక హింస ఉందని ముందుగా చెప్పండి. ఎవరైనా రానంటే కారణం అడగకండి. మధ్యలో వదిలేసే అలవాటున్న మిత్రులకు ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్' (1979) ఇవ్వండి. 1976లో లాస్ ఏంజిలస్‌లో ఉన్న డేనా ఉన్నట్టుండి అంతర్యుద్ధానికి ముందటి మేరీలాండ్‌లో తేలుతుంది. అక్కడ ఆమె పూర్వీకుడైన తెల్ల యజమాని కొడుకు ప్రాణం కాపాడుతూ ఉండాలి, లేకపోతే తానే పుట్టదు. పుస్తకం కింద పెట్టలేరు. అది అయ్యాక 'బిలవ్డ్'కు తిరిగి వెళ్లండి, ఈసారి ఆ ముగ్గురూ పూర్తిచేస్తారు.

'సూలా'లో అధ్యాయాలకు పేర్లు ఉండవు, సంవత్సరాలే ఉంటాయి. మొదటి భాగం 1927తో ముగుస్తుంది, నెల్ పెళ్లి రోజు. మొదటి సమావేశానికి అక్కడిదాకా చదివి ఆగండి, ముందుకు వెళ్లినవాళ్లు నోరు విప్పకూడదు. నెల్, సూలా ఇద్దరిలో మీకు ఎవరు స్నేహితురాలిగా కావాలో పేరాల్లో రాయించి పెట్టుకోండి. రెండో భాగం చదివాక ఆ కాగితాలే మళ్లీ చదివించండి.